నీలి గొడుగు ట్యాగ్

"మూడో పోస్టు పడింది బరాసా. నీలి గొడుగు ట్యాగ్."

ఇయర్‌ఫోన్‌లో చీఫ్ కిప్తూ గొంతు వినగానే ఏజెంట్ బరాసా చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు. మొదటి పోస్టులో మంగలి షాపు ఫోటో వచ్చింది. మంగలి వేషంలో ఉన్న మన ఏజెంట్ ఆ పూటే చచ్చిపోయాడు. రెండో పోస్టులో మటాటు వ్యాన్లు ఆగే స్టేజి, అక్కడా అంతే. ఈ హత్యల వెనకున్న విదేశీ ముఠా ఫోన్లు చెయ్యదు. ఏదో బ్లాగులో ఫోటో పెట్టి ఆ ట్యాగ్ తగిలిస్తుంది. హంతకుడు ట్యాగ్ నొక్కి చోటు తెలుసుకుంటాడు.

"ఈసారి ఎవరు సార్?"

"గికొంబా మార్కెట్, నువ్వున్న చోటే. పచ్చ తలుపు."

బరాసాకి వెంటనే అర్థమైంది. ఆ తలుపు వెనక దాక్కున్నది ముంబువా. ఫ్యాషన్ బ్లాగర్‌గా ముఠాలో చేరి, వాళ్ళ గుట్టంతా మనకి చేరవేసిన డబుల్ ఏజెంట్.

"పోస్టు డిలీట్ చేయించండి సార్!"

"సైట్ వాళ్ళు పలకట్లేదు. మధ్యాహ్నం అజాన్ వినగానే హంతకుడు ట్యాగ్ తెరుస్తాడు. వాడి మొహం మనకి తెలీదు, నీ మొహం వాడికి తెలుసు. తలుపు దగ్గరికి వెళ్ళావంటే నువ్వే దారి చూపించినట్టు."

ఇన్నేళ్ళ సర్వీసులో బరాసాకి ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

ఎదురుగా పాత చెప్పుల గుట్ట పక్కన చెప్పులమ్మే ఆవిడ, మామా అకెలో, ఫోన్‌తో చెప్పులకి ఫోటోలు తీస్తోంది. గికొంబాలో సరుకమ్మే వాళ్ళందరికీ అదే సైట్లో బ్లాగులున్నాయి. సరుకుకి పొంతన ఉన్నా లేకున్నా, జనం వెతికే ట్యాగ్ తగిలించడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. నిన్న ఫుట్‌బాల్ మ్యాచ్ ట్యాగ్ కింద లోదుస్తులమ్మారు.

బరాసా పరిగెత్తాడు.

"అక్కా! ఇవాళ ఊరంతా నీలి గొడుగు ట్యాగే వెతుకుతోంది!"

"గొడుగులా? ఎవడమ్ముతున్నాడు?"

"ఎవడైతే నీకేం? ముందు తగిలించు! అందరికీ చెప్పు!"

"ఒసేయ్ పిల్లలూ, నీలి గొడుగంట! కానివ్వండి, కానివ్వండి!"

బరాసా ట్యాగ్ తెరిచాడు. పైనే పచ్చ తలుపు. మళ్ళీ నొక్కాడు. అదే తలుపు. మసీదు మైకు గరగరమంది. ఇంకోసారి నొక్కాడు.

చెప్పులు. పెనాలు. కర్టెన్లు. పిల్లల స్వెటర్లు. మళ్ళీ చెప్పులు. పచ్చ తలుపు ఎక్కడో అడుగున పడిపోయింది. అప్పుడే అజాన్ మొదలైంది.

కాసేపటికి ట్యాగ్‌లో పైనున్న ఫోటోనే గుర్తనుకుని బూడిదరంగు కోటువాడొకడు ఫోన్‌లోంచి తలెత్తకుండా అకెలో ముందుకొచ్చాడు. తెర మీద తన చెప్పులే కనబడేసరికి ఆమె వాడి మోచెయ్యి పట్టుకుంది.

"నీలి గొడుగు చూసే వచ్చావా బాబూ? సైజెంత? సిగ్గుపడకు!"

వాడి మొహం పాలిపోయింది. చెయ్యి కోటులోకి పోయింది. తుపాకి సగం బయటికొచ్చేసరికి బరాసా మీదకి దూకాడు. ఇద్దరూ చెప్పుల గుట్టలో పడ్డారు. మిగతా పని ఆడవాళ్ళంతా తలో చెప్పూ అందుకుని పూర్తి చేశారు.

వాణ్ణి పోలీసులు ఈడ్చుకెళ్ళాక పచ్చ తలుపు తెరుచుకుంది. ముంబువా గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"లోపల చచ్చేంత భయపడ్డాను బరాసా."

"బయట నేనూ అంతే."

ఇద్దరూ చెప్పుల గుట్ట పక్కనే కూర్చున్నారు. మామా అకెలో చెప్పులు ఏరుకుంటూ వంగింది.

"తమ్ముడూ, మంచి ట్యాగే చెప్పావు. రేపటిది కూడా చెప్పి వెళ్ళు."