‘బ్యానిష్’ ఉన్న పేజీ

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు ఆఫీసులో అతన్ని అందరూ మూలపురుషుడు అనేవారు. ఏ వంశానికో మూలమై కాదు, ఏ మాట చెవిన పడినా దాని మూలం చెప్పందే వదలడు కనుక. టీకి పిలిచినవాళ్లు కప్పు ఖాళీ కాకముందే పని గుర్తొచ్చిందని జారుకునేవారు. మనుషుల్ని తరిమేయడంలో తనకు డాక్టరేట్ ఇవ్వొచ్చని అతనే ఒప్పుకునేవాడు.

ప్రూఫ్ చూడటానికి జోడీగా వచ్చిన అమ్మాయి మాత్రం జారుకోలేదు. మొదటిరోజే పెన్సిల్ బల్లకేసి కొట్టి, "మీరు చదవండి, నేను దిద్దుతా. ప్రసంగాలు లంచ్‌లో పెట్టుకుందాం" అంది. మనవాడు అక్కడికక్కడే ఫ్లాట్. ఆనాటి నుంచి లంచ్‌లో అతను వాగడం, ఆమె నవ్వడం. ఆ నవ్వు కోసం ముందురోజే కొత్త మూలాలు వెతికి సిద్ధం చేసుకునేవాడు.

ఆ రోజు పొద్దున్నే ఎడిటర్ గారు చల్లగా కబురు చెప్పారు.

"రేపట్నుంచి నీకు జోడీ మారుతోందయ్యా. ఆ అమ్మాయే అడిగింది."

అంత ఓపికున్న అమ్మాయిని కూడా తరిమేసిన ఘనత అతనికి దక్కింది మరి!

మధ్యాహ్నం ముందుకొచ్చిన పేజీలో మొదటి మాట ‘బ్యానిష్’. బయట వాన, లోపల ఆమె, చేతిలో ఈ మాట. తన జాతకాన్ని ఎవరో అచ్చువేసి ఇచ్చినట్టనిపించింది.

"బ్యానిష్," చదివాడు. "ఒకటి, దేశం నుంచి వెళ్లగొట్టు. రెండు, భయాన్నో ఆలోచననో మనసులోంచి తరిమేయి."

అంతటితో ఆపి వేలు తర్వాతి మాట మీదికి జరిపాడు.

"ఇవాళ మూలం చెప్పరేం?" అడిగిందామె.

"చెప్పి చెప్పేగా ఇంతదాకా తెచ్చుకున్నాను."

"పర్లేదు, చెప్పండి."

"పాత ఫ్రెంచిలోంచి వచ్చింది. అసలు అర్థం నలుగురిలో చాటడం. ఫలానావాడు ఇక్కడ ఉండకూడదని దండోరా వేసేవాళ్లు. రాన్రానూ దండోరా పోయి గెంటడం మిగిలింది. ఫలానా ఇద్దరికి పెళ్లని చర్చిలో చాటడానికి ఇంగ్లిష్‌లో ‘బ్యాన్స్’ అని ఓ మాటుంది, అదీ ఈ కుదురుదే." ప్రూఫ్ కాగితం పక్కకి తోశాడు. "నన్ను మాత్రం దండోరా కూడా లేకుండా గెంటేశారు."

ఆమె పెన్సిల్ ఆగింది. "ఎవరు గెంటారు?"

"జోడీ మార్చమన్నారుగా! నా వాగుడు భరించలేకేగా? ఒక్క మాటంటే మానేసేవాణ్ణి. మీరంటే నాకిష్టమండీ. మీకోసం నోరు కుట్టేసుకునేవాణ్ణి. అంటే, రెండు మూడు రోజులైనా..."

పక్క బల్లల వాళ్లంతా తలలెత్తారు. ఆమె ముఖం కందిపోయింది.

"మెల్లగా! ప్రపంచంలో మాటలన్నీ తెలుసు గానీ ఆఫీసు రూలు తెలీదా? ఒకే ఇంటివాళ్లు ఒకే ప్రూఫ్ చూడకూడదు. ఒకరి తప్పులు ఇంకొకరు చూసీ చూడనట్టు వదిలేస్తారట."

"మనం ఒకే ఇంటివాళ్లం కాదుగా?"

"కాకూడదనా మీ ఉద్దేశం? నిన్న మా అమ్మకి మీ సంగతి చెప్పేశాను. ఆదివారం ఇంటికి తీసుకురమ్మంది."

అతని కళ్లు చెమ్మగిల్లాయి. అయినా ఊరుకుంటాడా?

"మరి... నన్నొక్క మాట అడగలేదే?"

"అడగడానికి సందిచ్చారా ఏనాడైనా?"

ఈసారి అతను బెరుగ్గా అడిగాడు.

"మీ అమ్మగారు నా గురించి ఏమడిగారు?"

"అబ్బాయి ఎక్కువ మాట్లాడతాడా అనడిగింది."

"మీరేమన్నారు?"

"అబద్ధం చెప్పాను," అంటూ ఆమె పేజీ తిప్పింది.