పలుకరి

“ఆ యంత్రాన్ని నమ్ముకుంటే ఇవాళ నా కూతురి ఓడ మీద గుండు పడుతుంది, చూస్తూ ఉండండి,” అంది నూకరత్నం, ఓడ ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే.

“పొద్దున్నే ఆ పాడు మాటలేంటి రత్నమ్మా!” విసుక్కున్నాడు డాక్టర్ జగ్గారావు. “నా యంత్రం ఉండగా గుండ్లు పేలవు.”

అది 2094. సముద్రం లేని కెబ్రా దేశానికి గోధుమలు దిగేది పక్కపక్కనే ఉన్న రెండు రేవుల్లోనే. పాతరేవు ఒక పరాయి దేశానిది, కొత్తరేవు దాని పగదేశానిది. రెండింటికీ యుద్ధనౌకలున్నాయి, ఫిరంగులున్నాయి. ఓడ వస్తోందని ఒక రేవు చెప్పాలి, రెండోది సరేననాలి. ఆ మాట లేకుండా, నీళ్ళమీద హద్దుగా తేలే ఎర్ర బోయా దాటిందా, కాల్చేస్తారు. మనుషులకైతే కోపతాపాలుంటాయని జగ్గారావు ఆ పనికి ‘పలుకరి’ అనే న్యూరల్ కంప్యూటర్‌ని తయారుచేశాడు. రేవులు చెరొకటి పెట్టుకున్నాయి. ఇరవై ఏళ్ళ వైర్‌లెస్ రికార్డులు విని అది రేవు పద్ధతంతా నేర్చుకుంది. దానికి ఇవాళే మొదటి రోజు.

రత్నం కొత్తరేవు కంట్రోలు గదిలో కేబుళ్ళు అతికే మనిషి. కూతురు హంసిని ఆ గోధుమల ఓడకి పైలట్.

ఓడ కనబడింది. పలుకరి నోరు విప్పలేదు.

“పాతరేవుకి చెప్పు,” అన్నాడు జగ్గారావు.

“ముందు వాళ్ళు పలకాలి,” అంది పలుకరి.

బోయా పది నిమిషాల దూరం. అంత బరువు ఓడ ఆగాలంటే గంట పడుతుంది.

“దీనికి వినిపించింది ఆ రికార్డులేనా బాబూ?” అడిగింది రత్నం. “వాటిలో ఏముంటుంది నా మొహం! ముందు పలికినవాడు లొంగినట్టని రెండువైపులా ఆఫీసర్లు మూతి బిగించుకు కూచునేవారు. వాళ్ళు టీకి లేచాక నేనూ, అవతలి రేవులో నాలాగే కేబుళ్ళు అతికే మరియమూ రికార్డర్ ఆపేసి మాట్లాడుకుని ఓడల్ని వదిలేవాళ్ళం.”

“అయితే ఇది నేర్చుకుంది ఆ బిగింపే!” అన్నాడు జగ్గారావు.

రత్నం పాత మైకు లాక్కుంది. రేవు కమాండర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “మనం ముందు పలకడమా? పరువు పోతుంది!”

“నీ పరువు నా పిల్లకంటే ఎక్కువట్రా? వదులు!” విదిలించుకుంది. “పాతరేవూ! మా ఓడ వస్తోంది. సరే అనండి, మీ కాళ్ళు పట్టుకుంటా!”

అవతల ఫిరంగులు ఓడవైపు తిరిగాయి. యంత్రం రాగానే మరియంని పనిలోంచి తీసేశారని రత్నానికి అప్పుడు గుర్తొచ్చింది. ఓడ ముక్కు బోయాని తాకబోతోంది.

అప్పుడు పాతరేవు పలుకరి గొంతు విప్పింది.

“కొత్తరేవు లొంగింది. రాసుకున్నాం. ఓడ రావచ్చు.”