ఒక్క రూపాయి బయానా

ఆ రోజు పొద్దున ఇంట్లో నలుగురున్నారు. సిద్ధరాములు తాత గుమ్మం పక్కన మంచం మీద ఉన్నాడు. నూలు చుట్టిన బీములు రాలేదని మగ్గాల షెడ్డు యజమాని వద్దన్నందుకు రాజారాం కాక పనికి పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. సారిక చిన్నమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతోంది. ఋతుజ ఎవరికీ అడ్డం కాకుండా గోడ మూలన కూర్చుంది. తాత మంచం కింద, రంగు వెలిసిన పాత చద్దరులో చుట్టి, ఋతుజ వాళ్ల నాన్న హార్మోనియం ఉంది. దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంట్లో ఐదుగురు. అలా లెక్కపెట్టేది ఋతుజ ఒక్కతే.

ఆమె షోలాపూర్‌లోని ఈ దాజీ పేట్‌కు వచ్చి మూడు నెలలైంది. ఇంటి వెనక గోడకు అవతల మరమగ్గాలు ఆడుతుంటాయి. ఆ చప్పుడు మీదుగా వినపడాలంటే గట్టిగా మాట్లాడాలి. ఋతుజకు గట్టిగా మాట్లాడటం రాదు. సిరిసిల్ల దగ్గర పల్లెలో అమ్మమ్మ ఇంట్లో ఆ అవసరమే రాలేదు. చిన్నప్పుడే అమ్మ పోతే, నాన్న నిలేష్ ఆమెను అమ్మమ్మకు అప్పగించి షోలాపూర్‌లో మగ్గం మీద పని చేసుకునేవాడు. ప్రతి గురువారం సాయంత్రం ఫోన్ చేసేవాడు. రెండు మాటలు మాట్లాడి, ఫోన్‌ను హార్మోనియం పక్కన పెట్టి వాయించేవాడు. ఆ పెట్టెను చూడకముందే ఆమెకు దాని గొంతు తెలుసు. నాలుగేళ్ల కిందట నాన్న పోయాడు. ఆమె పదో తరగతి పరీక్షలు రాసిన నెలకే అమ్మమ్మ పోయింది. అప్పుడు కాక వచ్చి ఆమెను తీసుకొచ్చాడు.

పల్లెలో ఆమె మరాఠీ పేరు అందరికీ వింతగా ఉండేది. ఇక్కడ ఆమె తెలుగు రాత వింతగా ఉంది. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, కానీ కాకా చిన్నమ్మా చదివింది మరాఠీ బడిలో. తాత బడికే పోలేదు. అందుకే ఋతుజ తన డైరీని దాచేది కాదు. కిటికీలో తెరిచి పెట్టినా దాన్ని చదివేవాళ్లు లేరు.

రెండు రోజుల కిందట కాకా చిన్నమ్మా లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. అరగంట మాట్లాడుకున్నారు. మగ్గాల చప్పుడులో ఋతుజకు వినపడింది రెండే ముక్కలు. ఒకటి తన పేరు, రెండోది ‘ఎంతకాలమని’. బయటికి వచ్చాక కాక, హార్మోనియం ఫోన్లో అమ్మకానికి పెడుతున్నామని చెప్పాడు.

ఫొటోలు తీసింది ఋతుజే. కాక మరాఠీలో వివరాలు రాశాడు. చివర్న ఆమె మెల్లగా, "ఒక మెట్టు ఆలస్యంగ పలుకుతది కాకా, అది గుడ రాయుండ్రి" అంది.

"గవన్నీ రాస్తే ఎవడు కొంటడు?"

"రాయి రా," అన్నాడు తాత మంచం మీద నుంచి. "మనం నేసిన బట్టల పోగు తెగితే దాపెడ్తమా?"

కాక రాశాడు.

ఆ పొద్దున మొదటి ఫోన్ వచ్చింది. పుణె నుంచి, పేరు ప్రతీక్ అన్నాడు. హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు. పన్నెండు వేలు చెప్తే బేరమాడకుండా ఒప్పుకున్నాడు. రేపు బండి వచ్చి పెట్టె తీసుకుపోతుంది, డబ్బు ఈరోజే పంపుతాను, నమ్మకానికి ముందు ఒక్క రూపాయి వేస్తాను అన్నాడు. నిమిషంలో కాక ఫోన్ టింగుమంది.

"రూపాయి వచ్చింది బాపు!"

తాత లేచి కూర్చున్నాడు. "బయానా ముట్టిందన్నట్టు. అయితే పెట్టె ఇగ ఆయనదే."

ఈ పేట్‌లో అది పాత పద్ధతి. కొనేవాడు చేతిలో రూపాయి పెడితే బేరం కుదిరినట్టే. తర్వాత ఎవరు రెండింతలు ఇస్తామన్నా మాట తిప్పరు. ఆ రూపాయిని మార్కండేయుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకుంటారు. ఈ రూపాయి ఫోన్లో వచ్చింది కనుక ఏం చేయాలో కాకకు తోచలేదు.

"ఫోనే పెట్టు దేవుని ముంగట," అన్నాడు తాత.

"మామా, దేవునికి గుడ ఛార్జింగ్ పెట్టమంటవా?" అని చిన్నమ్మ నవ్వింది. కాక మాత్రం నిజంగానే ఫోన్‌ను పటం ముందు పెట్టి చేతులు జోడించాడు.

గంట తర్వాత గోదావరి బాయి వచ్చింది. కొంతం చౌక్ దగ్గర ఆడవాళ్ల భజన మండలి నడిపే మనిషి. ఫోన్లో ఫొటో చూసి నడిచి వచ్చింది. రాగానే చద్దరు విప్పించి, వెనక తిత్తి ఊది, మెట్లన్నీ వరుసగా నొక్కింది. ఆలస్యంగా పలికే మెట్టు దగ్గర ఆగి, మళ్లీ నొక్కి, వంగి దాని దగ్గర చెవి పెట్టి విన్నది.

"నిలేష్‌దే కదా ఇది? గొంతు గుర్తు వట్టిన. పదివేలు తెచ్చిన సిద్ధరాములన్నా, నోట్లే. ఇప్పుడే ఇచ్చి ఎత్కపోత."

తాత తల అడ్డంగా ఊపాడు. "బయానా తీస్కున్నం చెల్లె. మాట ఇచ్చేసినం."

"ఎవలకు ఇచ్చినవ్?"

"పుణె ఆయన."

"చూసిండా పెట్టెను? వాయించిండా?"

"ఫోన్ల చూసిండు."

గోదావరి బాయి చద్దరు మళ్లీ తనే కప్పింది. పోతూ పోతూ ఋతుజ తల మీద చేయి వేసి, "నిలేష్ బిడ్డవా? మాట్లాడవేందే?" అంది. ఋతుజ నేల చూసింది.

ఆమె పోయాక ఋతుజ కిటికీ దగ్గర డైరీ తీసి నాలుగు వరుసలు రాసింది. రాసి మూయకుండానే మళ్లీ ఫోన్ మోగింది.

"అమౌంట్ పంపుతున్నా కాకా, ఒక కోడ్ పంపిన, స్కాన్ చేయండి. పెద్ద మొత్తం గదా, రెండు సార్లు వస్తుంది. ముందు ఆరు వేలు." హిందీలో ఆ గొంతు ఎక్కడా తడబడలేదు.

కాక చిన్నమ్మ నంబరు చెప్తే కోడ్ ఆమె ఫోన్‌కు వచ్చింది. కాక తన ఫోన్‌తో దాన్ని స్కాన్ చేశాడు. ఋతుజ ఆయన భుజం వెనకే నిలబడి ఉంది. తెర మీద మరాఠీ అక్షరాలు. బడిలో హిందీ నేర్చుకుంది కనుక కూడబలుక్కుని చదవగలదు. ఆరు వేలు. కాక చూపు ఆ అంకె దగ్గరే ఆగింది. కింద, చెల్లించు అనే అర్థం వచ్చే మాట. దాని కింద పిన్ అంకెల గడులు.

ఆమె నోరు తెరిచింది. మంచం కిందికి చూసింది. నోరు మూసుకుంది.

కాక పిన్ కొట్టాడు. టింగుమంది.

"వచ్చినయ్!" అన్నాడు కాక.

ఫోన్లో ప్రతీక్ మాత్రం, "నా దగ్గర చూపిస్తలేదు కాకా, రెండోది స్కాన్ చేయండి, రెండూ కలిపి పడతాయి. జల్దీ చేయండి, బండి వాళ్లకు చెప్పాలె" అంటున్నాడు. రెండో కోడ్ వచ్చింది. కాక బొటనవేలు మళ్లీ గడుల మీదికి పోయింది.

"వద్దు కాకా! కొట్టకుండ్రి!"

ఆ ఇంట్లో ఎవరూ ఆ గొంతు అంత గట్టిగా వినలేదు. చిన్నమ్మ చేతిలోని రొట్టె పెనం మీద సగం పడింది.

"డబ్బులు రావాల్నంటే పిన్ అక్కర్లేదు. పిన్ కొడ్తే మనవే పోతయ్. మెసేజ్ చూడుండ్రి, వచ్చినయా పోయినయా."

కాక మెసేజ్ చదివాడు. మళ్లీ చదివాడు. ఫోన్లో ఉన్న గొంతు టక్కున ఆగిపోయింది. తిరిగి చేస్తే ఆ నంబరు పలకలేదు.

"ఆరు వేలు," అన్నాడు కాక మెల్లగా. "మొన్న షెడ్డుల ఇచ్చిన పగార్." తర్వాత ఋతుజ వైపు తిరిగాడు. "నీకు ఎరికేనా? ముందే ఎరికేనా?"

ఆమె తల ఊపింది.

"మరి మొదటిసారి కొడ్తుంటే ఎనక నిలవడి ఏం చూసినవ్? తమాషా చూసినవా? నోట్ల నాలుక లేదా నీకు?"

"అరవకుండ్రి దాని మీద," అంది చిన్నమ్మ. "పోరి భయపడ్డది."

"భయపడితే రెండోసారి ఎట్ల చెప్పింది? ఆరు వేలు పోయినంక ధైర్యం వచ్చిందా?"

ఋతుజ కిటికీ దగ్గరికి పోయి డైరీ తెచ్చి కాక చేతిలో పెట్టింది. ఆయన పేజీ చూశాడు. చిన్నమ్మకు చూపించాడు. ఇద్దరికీ అవి అందమైన గుండ్రటి గీతలే.

"నాకేం వస్తది ఇది?" అన్నాడు కాక. "నువ్వే సదువు."

ఆమె పుస్తకం తీసుకుంది. వెనక గోడ అవతల మగ్గాలు ఆడుతున్నాయి. వాటిని దాటి వినపడేలా చదవాల్సి వచ్చింది.

"‘అమ్మమ్మ పింఛన్ కోసం బ్యాంకుకు వెళ్లాం. అక్కడ సార్ ముసలమ్మలందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టమన్నవాడు దొంగ అని.’ ఇది పోయిన ఏడు రాసిన." పేజీలు తిప్పింది. గొంతు సన్నబడింది. "ఇది ఇయ్యాల రాసింది. ‘గోదావరి బాయి మెట్టు దగ్గర చెవి పెట్టి విన్నది. పుణె ఆయన ఒక్కసారీ వినిపించమనలేదు. కొనేవాడు వినకుండా కొనడు. ఈయన దొంగేమో. దొంగైతే బండి రాదు. పెట్టె పోదు. దేవుడా, దొంగే కావాలి.’"

తాత మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు.

"ఉత్త బేరం చెడిపోవాల్నని అనుకున్న. పైసలు గుంజుతడని అప్పుడు తట్టలే," అంది ఋతుజ. "పిన్ గడులు చూసినంక తట్టింది. అప్పుడు గుడ నోరు రాలే. చెప్పిన్నంటే మీరు గోదావరి బాయిని పిలిచి ఇచ్చేస్తరని. తప్పు నాదే కాకా. నన్ను పంపేయాల్నని మీరు తలుపేస్కొని మాట్లాడుకున్నరు గదా. నేను పోత. పెట్టె ఉంచుండ్రి చాలు."

"ఎవలు పంపుతరు నిన్ను?" చిన్నమ్మ పెనం దించి వచ్చింది. "ఎక్కడికి పంపుతరు? ఎవరున్నరే నీకు అక్కడ?"

"ఎంతకాలమని అన్నరు."

చిన్నమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

"ఎంతకాలమని దాన్ని ఇంట్ల కూసోవెడ్తవ్, కాలేజీల ఎయ్యవా అని నేనే అడిగిన," అంది చిన్నమ్మ. "పదకొండుల ఎయ్యాల్నంటే పన్నెండు వేలు. శనివారం ఆఖరు తారీఖు. మగ్గాలు వారానికి మూడు దినాలే నడుస్తున్నయ్. నీ ముంగట పైసల మాట ఎత్తితే నీకు మనసు చిన్నబోతదని తలుపేసిన. నాకేం తెల్సు పిల్లా, నువ్వు గట్ల అనుకుంటవని?"

తండ్రి పెట్టె తన చదువు కోసమే చద్దరు విప్పుకుందని ఋతుజకు అప్పుడే తెలిసింది. ఏడుపు ఆపుకోవాలని చూసింది కానీ అది ఆగలేదు.

"బయానా అని ఎగిరింది నేను," అన్నాడు తాత. "రూపాయి ఇచ్చినోని ముఖం సూడకుండ మాటిచ్చింది నేను. మా కాలంల రూపాయి చేతుల పెట్టాల్నంటే మనిషి ఎదురుంగ నిలవడేటోడు. పోరినేం అంటవ్ రాజారాం?"

కాక ఫోన్ తీసి, "గిట్ల మోసపోతే పోలీసోళ్లకు చెప్పాలె అంటరు గదా. నంబరేంది?" అన్నాడు.

"పందొమ్మిది వందల ముప్పై," అంది ఋతుజ. "ఎంత జల్దీ చేస్తే అంత మంచిది."

ఆయన ఫోన్ చేశాడు. ఫిర్యాదు రాసుకుని ఒక పొడుగాటి నంబరు చెప్పారు. కాక దాన్ని ఆమె డైరీలోనే రాయించాడు. డబ్బు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు అన్నారు.

"ఇగ పెట్టె అమ్ముడు లేదు," అన్నాడు కాక, ఫోన్ పక్కన పెట్టి. "ఫీజు సంగతి నేను ఎట్లనో చూస్త."

ఋతుజ కళ్లు తుడుచుకుంది. "లేదు కాకా. అమ్ముదం. గోదావరి బాయికి." మంచం కిందికి చూసి, "ఆమె విన్నది," అంది.

కాక కబురు పెడితే సాయంత్రం గోదావరి బాయి మళ్లీ వచ్చింది. పొద్దున మీరు వద్దన్నాక నోట్లు బ్యాంకులో వేసేశానని, రేపు పొద్దున ఫోన్లో పంపి పెట్టె తీసుకుపోతానని చెప్పింది. కాక ఋతుజ వైపు చూశాడు. అందరూ చూశారు.

"మీరు ఇక్కడనే కూసోని పంపాలె," అంది ఋతుజ. "మేము ఏ కోడ్ స్కాన్ చెయ్యం, పిన్ కొట్టం. మెసేజ్ వచ్చినా నమ్మం. కాక ఖాతా తెరిచి పదివేలు పడ్డట్టు చూసినంకనే పెట్టె గుమ్మం దాటుతది."

గోదావరి బాయి కళ్లు పెద్దవి చేసింది. "అబ్బో! పొద్దున మాట్లాడని పోరి ఇదేనా? వకీలు చదువు చదివించు రాజారాం." కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. తాతకు ఇవ్వలేదు. ఋతుజ అరచేయి తెరిచి అందులో పెట్టి, వేళ్లు మూసింది. "బయానా. గురువారం గురువారం మండలికి రా. దాని గొంతు నీకు వినిపిస్త."

ఆమె పోయాక తాత మార్కండేయుడి పటం వైపు చూపించాడు. ఋతుజ పోయి బిళ్లను అక్కడ పెట్టింది. రేపటి నుంచి మంచం కింద ఖాళీగా ఉంటుంది. ఇంట్లో మళ్లీ నలుగురే. ఆ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు.

చిన్నమ్మ వంగి హార్మోనియాన్ని మంచం కింద నుంచి లాగింది. చద్దరుతో సహా ఎత్తి లోపలి గదిలోకి తీసుకుపోయి చాప మీద పెట్టింది. ఋతుజను భుజం పట్టి తెచ్చి దాని ముందు కూర్చోబెట్టింది.

"నాకు వాయించరాదు చిన్నమ్మా."

"ఎవలడిగిండ్రు వాయించమని? రేపటి దాంక అది నీదే." చిన్నమ్మ గుమ్మం దగ్గర ఆగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తలుపు తీసుంటే మగ్గాల సప్పుడు లోపలికి వస్తది. దాని గొంతు నీకు ఇనవడదు."

బయటికి పోయి, మెల్లగా తలుపు మూసింది.