తాడుకు అటు చివర

అమెరికాలోని న్యూహాంప్‌షైర్ కొండల్లో ఫిబ్రవరి ఎండను నమ్మి బయల్దేరేవాళ్ళను ఆ చుట్టుపక్కల జనం జాలిగా చూస్తారు. రెమీ నమ్మాడు. ఇంట్లో బీన్స్ ఉడకబెట్టుకుంటూ హాయిగా ఉన్న అక్క ఒడెట్‌ను బతిమాలి మరీ వెంటపెట్టుకొచ్చాడు. శిఖరం కూతవేటు దూరంలో ఉందనగా మబ్బు కమ్మేసింది. ఎగిరే మంచుపొడిలో నేలా ఆకాశం ఒకటైపోయాయి.

"పోదాం పద," అంది ఒడెట్. "శిఖరం ఎక్కడికీ పారిపోదు."

"ముసలిదానివైపోతున్నావక్కా," అన్నాడు గానీ, అతనికీ లోపల గుబులుగానే ఉంది.

ఎక్కేటప్పుడు దారి పొడుగునా ఎర్రగుడ్డ కట్టిన వెదురు పుల్లలు గుచ్చుకుంటూ వచ్చారు. దిగేటప్పుడు అవే దారి చూపాలి. ఇద్దరి నడుములకూ ఒకటే తాడు. ముందు నడిచే ఒడెట్ కింది పుల్ల కనబడగానే తాడును రెండుసార్లు లాగుతుంది. అప్పటిదాకా వెనకున్న రెమీ తన పక్కనున్న పుల్లను పీకకూడదు. కొండమీద ఏదీ వదిలి రాకూడదన్నది వాళ్ళ నాన్న నేర్పిన అలవాటు.

కొంతసేపు అలాగే దిగారు. తడిసిన ఉన్ని వాసన, మంచు మీద తాడు రాసుకునే చప్పుడు. తాడు రెండుసార్లు కదిలింది. రెమీ పుల్ల పీకి, కట్టలో పెట్టుకుని దిగాడు.

ఒడెట్ అటూ ఇటూ వెతుకుతోంది. ఆమె దగ్గర పుల్లేమీ లేదు.

"ఎందుకొచ్చావురా?" అంది మెల్లగా.

"నువ్వే లాగావుగా."

"నేను లాగలేదు... ఇంకా దొరకలేదు."

ఇద్దరూ వెనక్కి చూశారు. అడుగుజాడలు అప్పుడే పూడిపోయాయి. ఎటు దిగాలో తెలియదు. రెండు పక్కలా లోయలు.

"అంతా నావల్లే అక్కా."

"ఏడుపు ఇంటికెళ్ళాక ఏడుద్దువుగాని. ఆ పుల్ల ఇక్కడ గుచ్చి కదలకుండా ఉండు. తాడు అందినంత మేర చూసొస్తా."

నాలుగడుగుల్లో ఆమె కనబడకుండా పోయింది. అతని చేతుల్లోంచి తాడు నెమ్మదిగా జారుతూ పోయింది... ఆగింది.

తర్వాత రెండుసార్లు కదిలింది.

రెమీ పుల్ల మీద చెయ్యి వేశాడు. తీసేశాడు. "అక్కా... నువ్వేనా?"

మళ్ళీ రెండుసార్లు. ఏ తొందరా లేకుండా.

అతను తాడును తనవైపు లాగడం మొదలుపెట్టాడు. బరువు తగలాలి. ఆమె తిట్టాలి. ఎన్ని తిట్లయినా సరే, ఆ గొంతు వినబడితే చాలనుకున్నాడు. తాడు బరువే లేకుండా వచ్చేసింది.

చివర ఒడెట్ వేసుకున్న ముడి విప్పకుండా అలాగే ఉంది. ఆ ముడిలో ఆమె లేదు. ఎర్రగుడ్డ కట్టిన వెదురు పుల్ల ఉంది.

గొంతు పోయేదాకా పిలిచాడు. అక్క ఇక రాదని అతనికి తెలుసు. అయినా వస్తే ఆనవాలు ఉండాలని, గుచ్చిన పుల్ల పక్కనే కూలబడ్డాడు. వెలుగు తగ్గిపోతోంది. తాడంతా చుట్టి ఒళ్ళో పెట్టుకుని, దాని అటు చివరను గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నాడు.

నడుం దగ్గర తాడు బిగిసింది. ఒకసారి... ఇంకోసారి.