తెగిన పైలు ప్రతిధ్వని

“మీ అన్నయ్యని చంపినవాడు దొరికాడు,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ పిచ్చుక కుర్చీలోంచి దిగ్గున లేచింది. “ఎక్కడ సార్?”

“కూర్చో. కొత్త రైలు వంతెన దగ్గర కన్సల్టెంటుగా తిరుగుతున్నాడు. వాడి విదేశీ ముఠా ఒక పునాది పైలుని, అంటే నేలలోకి దింపిన కాంక్రీటు స్తంభాన్ని, లోపల కోసి, అందులో బాంబు పెట్టింది. ఏ పైలో తెలీదు. కాసేపట్లో మొదటి రైలు. ముందే ఆపితే వాడికి అనుమానమొచ్చి పేల్చేస్తాడు. ముందు పైలు, తర్వాతే పగ.”

“లోపల మనవాళ్లున్నారా?”

“ఒకరున్నారు. కోడ్ వర్డ్ ‘వాన’.”

పాత వంతెన కింద పైళ్లు పరీక్షిస్తుండగా అన్నయ్యని వంతెనతో సహా పేల్చేశారు. వదిన కంట తడి పెట్టలేదు. పైగా అందరూ అనుమానించిన ఆ కన్సల్టెంటు దగ్గరే సెక్రటరీగా చేరింది. అప్పట్నుంచీ పిచ్చుక ఆమెని తిట్టుకోని రోజు లేదు.

టెక్నీషియన్ వేషంలో ఆమె ఏటి ఇసుకలోకి దిగింది. ఎదురుగా కన్సల్టెంటు. పక్కన నల్లకళ్లద్దాలు, వజ్రాల దుద్దులతో వదిన!

“మా మెషీన్ వాడుకోమ్మా,” అన్నాడు కన్సల్టెంటు తియ్యగా.

సెన్సర్ అంటించి, సుత్తితో పైలుని కొడితే చాలు. శబ్దపు అల కిందికి పోయి, అడుగు తాకి తిరిగొస్తుంది. మధ్యలో పగులుంటే ముందే తిరిగొస్తుంది. కానీ ఏ పైలుని కొట్టినా స్క్రీన్ మీద ఒకటే గీత.

వదిన దగ్గరికొచ్చింది. “వానొచ్చేలా ఉంది,” అంటూ ఒక దుద్దు తీసి చేతిలో పెట్టింది. “ఆ మెషీన్ పాత సిగ్నలే తిప్పి చూపిస్తోంది. ఇదే సెన్సర్. నీ ఫోన్‌కి కలుపు.”

పిచ్చుక దుద్దుని గుప్పిట పట్టింది. “వదినా... నిన్ను...”

“తిట్లు తర్వాత తిడుదువు గాని. కొట్టు!”

పైన వంతెన ఉండటంతో సిగ్నల్ నిండా గోల. ఫోన్‌లోని వేవ్‌లెట్ ఫిల్టర్ ఆ గోలని వడకట్టింది. ఏటి మధ్య పైలు దగ్గర అల పెందలాడే తిరిగొచ్చింది. పగులు మోకాలి లోతులోనే!

“చీఫ్, రైలు ఆపండి!” అని కాలర్ మైకులో గొణిగి, పార అందుకుంది.

కన్సల్టెంటుకి అనుమానమొచ్చింది. జేబులోంచి రిమోట్ తీశాడు. వదిన వాడి చేతిమీద పడింది. వాడామెని విదిలించి బటన్ మీద బొటనవేలు ఆనించాడు. సరిగ్గా అప్పుడే పిచ్చుక కట్టర్ తవ్విన గుంటలో బయటపడ్డ బాంబు వైరుని పుటుక్కుమనిపించింది. వాడు నొక్కాడు. ఏమీ కాలేదు.

వదిన వాడి కాళ్లు లాగి పడేసింది. పిచ్చుక సుత్తి ఎత్తింది. అన్నయ్య ముఖం కళ్లముందు మెదిలింది.

“చంపితే ఒక్క క్షణంలో అయిపోతుంది,” అంది వదిన. “వీడికంత సుఖం ఎందుకు?”

ఇద్దరూ వాణ్ణి ఆ తెగిన పైలుకే బేడీలేసి కట్టేశారు. దూరంగా రైలు కూత. చీఫ్ దాన్ని ఆపిస్తాడని వాడికి తెలీదు.

“రైలాపండి! పైలు కోయించింది నేనే! పాత వంతెన పేల్చిందీ నేనే! దాని పైళ్లు పరీక్షించేవాణ్ణి చంపిందీ నేనే! కూలిపోతుంది, విప్పండి!”

మైకులో ప్రతి అక్షరం చీఫ్‌కి చేరింది. చక్రాలు కీచుమంటూ, రైలు వంతెన అంచున ఆగింది.

వదిన నల్లకళ్లద్దాలు తీసి, రెండో దుద్దు సర్దుకుంది. ఇన్నాళ్లకి ఆమె కళ్లు తడిశాయి.

“వీడు పునాదుల దాకా కదిలిస్తే గానీ నోరు విప్పే రకం కాదు,” అంది.