ఏడో షెడ్డులో ఉన్నదెవరు

కొల్లేటికోట దారిలో ఏడో నంబరు చెరువు గట్టు మీదికి పొద్దుగూకాక ఎవరూ వెళ్ళరు. మేత వేసేవాళ్ళు నాలుగున్నరకే బస్తాలు దింపేసి వచ్చేస్తారు. అక్కడి రేకుల షెడ్డులోంచి ఎవరో "ఆపండి... ఆపండి" అంటారని, అది కూడా మోటార్లన్నీ ఆగి ఉన్నప్పుడే వినిపిస్తుందని చెప్తారు.

భార్గవి ఇలాంటివి పట్టించుకునే మనిషి కాదు. తాడేపల్లిగూడెం పిల్ల, ఇరవై నాలుగేళ్ళు. రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే చక్రాలని ఏలూరు ఆఫీసులో కూర్చునే తిప్పొచ్చు. ఆ నెట్‌వర్కు చూసుకునేది తనే.

ఆ రోజు పాత పద్ధతి తీసేసి కొత్తది పెట్టాలి. పాత పద్ధతిలో కంప్యూటరు ఒక నంబరు చెప్పి, "ఇది ఎవరిది?" అని షెడ్లన్నిటికీ వినబడేలా అరిచేది. ఎవరు పలికితే వాళ్ళనే నమ్మేసేది. కొత్త పద్ధతిలో చక్రాల్ని నడిపే ప్రతి కంట్రోల్ పెట్టె, అడ్రసు, అంటే తన నంబరు, తీసుకునే ముందు, "ఇందులో ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. ఒక్క సెకను ఆగుతుంది. ఎవరూ పలక్కపోతేనే అడ్రసు దానిది. "ఉన్నాను" అని జవాబొస్తే... తప్పుకోవాలి.

ఆరు షెడ్లు అయ్యేసరికి రాత్రి పదిన్నర. ఏడోది రేపటికి వదలడానికి లేదు. ఆఫీసు కొత్త పద్ధతికి మారిపోయింది, ఇక పాత పెట్టెకి దాని మాట అందదు, చక్రాలు తిరగవు. గాలి లేకపోతే మూడు లక్షల రొయ్య తెల్లారేసరికి చచ్చి తేలుతుంది.

కాపలా పాపారావు టార్చి పట్టుకుని వెనకాలే వచ్చాడు.

"ఇక్కడ మాత్రం గబగబా కానిచ్చెయ్యండి, అమ్మాయిగారూ."

"భయమాండీ?"

"నాకెందుకండీ భయం! నెహెమ్యా నాకు సొంత బావండి. వస్తే పలకరిస్తాడు గానీ, పీక పిసుకుతాడా?"

భార్గవి నవ్వలేదు.

నెహెమ్యా నిరుడు ఈ చెరువులోనే పోయాడు. చక్రానికి నాచు చుట్టుకుపోయి ఆగింది. ఆఫీసుకి ఫోను చేసి కరెంటు ఆపమన్నాడు. ఆపారు. స్క్రీను మీద "ఆగింది" అని పడింది. అతను నీళ్ళలోకి దిగి నాచు లాగాడు... చక్రం తిరిగింది.

ఒకే నంబరుకి రెండు పెట్టెలు పలికాయి. ఆపమన్న ఆర్డరు నాలుగో షెడ్డుకి వెళ్ళింది. ఎంక్వైరీలో అందర్నీ నిలబెట్టి, ఆ నంబరు రెండుచోట్ల వేసిందెవరని అడిగారు. ఎవరూ పలకలేదు.

వేసింది భార్గవే.

షెడ్డులో కొత్త పెట్టె బిగించింది. దానికి అడ్రసు రావడమే ఆలస్యం, చక్రాలు వాటంతటవే తిరుగుతాయి. షెడ్డులో చేత్తో వేసే స్విచ్చి ఎప్పుడూ లేదు, వేరే దారి లేదు. నీళ్ళలో ఆక్సిజన్ అప్పటికే 2.8. మూడు దాటి ఉండాలి.

లాప్‌టాప్ మీద లైను పడింది. ఎవరైనా ఉన్నారా?

ఒక్క సెకను.

ఉన్నాను.

భార్గవి లెక్క చూసుకుంది. ఆరు షెడ్లకి ఆరు అడ్రసులు, ఇది ఏడోది. ఒకే అడ్రసు రెండింటికి పడే వీలే లేదు. అడ్రసు మార్చింది.

ఉన్నాను.

మళ్ళీ మార్చింది... ఉన్నాను.

ఆక్సిజన్ 2.6.

అసలు అడగకుండానే అడ్రసు లాక్కోమనే సెట్టింగు ఒకటుంది. దాని మీద వేలు పెట్టింది. నొక్కే ముందు, ఆ పలుకుతున్నది ఏ పెట్టో చూద్దామనిపించింది. ప్రతి పెట్టెకీ ఫ్యాక్టరీలో వేసిన నంబరొకటి ఉంటుంది, అది జవాబుతో పాటే వస్తుంది.

చివర 9C-41.

ఆ నంబరు రాసిన స్టిక్కరు తన చేత్తో అంటించిందే. నెహెమ్యా పోయిన రోజు ఈ షెడ్డులో కాలిపోయిన పెట్టె అది. వైర్లు తెగి, మసిపట్టి, ఏలూరు ఆఫీసు బీరువాలో ఉంది.

వేలు వెనక్కి తీసుకుంది.

"పాపారావు గారూ..."

వెనక ఎవరూ లేరు. టార్చి గట్టు మీద పడి ఉంది. చీకట్లో — నీళ్ళ చప్పుడు.

"ఇక్కడేనండీ!" గొంతు చెరువులోంచి వచ్చింది. "చక్రానికి వల ముక్క చుట్టుకుందండి. ఎలాగూ ఆగే ఉంది కదా అని దిగాను."

"పైకి రండి!"

"ఒక్క ముడి ఉందండీ—"

"రండి పైకి! మీకు దణ్ణం పెడతాను, వచ్చెయ్యండి!"

ఆయన గట్టెక్కి, లుంగీ పిండుకుంటూ షెడ్డు గుమ్మంలోకి వచ్చేదాకా ఆమె పెట్టె ముట్టుకోలేదు. అప్పుడు పెట్టె దగ్గరికి వంగి, గుసగుసగా అంది:

"నెహెమ్యా గారూ... పాపారావు గారు పైకి వచ్చేశారండి. వదిలెయ్యండి."

ఎవరైనా ఉన్నారా?

ఒక్క సెకను. జవాబు లేదు.

చెరువంతా ఒక్కసారి నురగెత్తింది. చక్రాలు తిరుగుతున్నాయి.

పాపారావు తడి చేతులకేసి చూసుకుంటూ అలాగే నిలబడిపోయాడు.

తెల్లారి ఆరింటికి, ఇంకెవరూ రాకముందే, భార్గవి ఆఫీసు బీరువా తెరిచింది. పెట్టె అక్కడే ఉంది. పైన దుమ్ము కూడా చెదరలేదు. అది పాత మోడలు. కొత్త పద్ధతి దానికి రాదు. రాత్రి వచ్చిన ఆ జవాబు అది ఇచ్చుండదు. పనిచేస్తున్న రోజుల్లో కూడా పలకలేకపోయేది.

దానికి వచ్చింది ఒక్కటే — పాత పద్ధతి.

బల్ల మీది లాప్‌టాప్ వెలిగింది. నిరుడు తను రెండుచోట్ల వేసిన నంబరు. అడుగుతున్నది 9C-41.

ఇది ఎవరిది?

లైను మళ్ళీ పడింది. మళ్ళీ... మళ్ళీ.

ఇది ఎవరిది?

బీరువా తలుపు పట్టుకుని, తనకే వినబడనంత చిన్నగా అంది:

"నాదేనండీ."