బాక్సులో మిగిలిన ఖాళీ

పాసిటమ్మ పాస్‌పోర్టు పోయిందని ఆదివారం ఉదయం పదకొండు గంటలకు తెలిసింది.

ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

కాగితాలు దాచే బిస్కెట్ల డబ్బా వంటింటి అల్మారాలో ఎప్పటి చోటనే ఉంది. అందులో పుట్టిన సర్టిఫికెట్టు ఉంది, పెళ్ళి సర్టిఫికెట్టు ఉంది, పోయిన భర్త ఫొటో ఉంది. పాస్‌పోర్టు ఒక్కటే లేదు.

పదకొండూ నలభైకి ఫెలిసా మగ్బనువా ఆ ఇంటి గుమ్మంలో బూట్లు విప్పింది. బయట మైనస్ ఇరవై ఎనిమిది. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరం పోలీసు డిపార్ట్‌మెంటులో ఇరవై రెండేళ్ళు ఇన్వెస్టిగేటరుగా చేసిన మనిషి, ఇప్పుడు కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక మాల్‌కు సెక్యూరిటీ గార్డు. ఈ ఊళ్ళో మన ఫిలిపినో వాళ్ళకు గొలుసు పోయినా, మొగుడు పోయినా ముందు ఫోను ఆమెకే వస్తుంది.

సోఫాలో కూర్చున్న పాసిటమ్మ చేతిని అందుకుని, తమ దేశంలో పెద్దలకు దండం పెట్టే తీరులో వంగి నుదుటికి తాకించుకుంది ఫెలిసా. డెబ్బై నాలుగేళ్ళ చెయ్యి. వెచ్చగా ఉంది.

"గురువారం ఆఖరు తేదీ మేడమ్," అంది మారివిక్.

మారివిక్ పాసిటమ్మ చిన్న కూతురు, ఆస్పత్రిలో నర్సు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిని పర్మనెంట్ రెసిడెంటు చెయ్యడానికి స్పాన్సర్ చేసింది ఆమే. అన్నీ అయ్యాయి. ఇమిగ్రేషన్ వాళ్ళు గురువారంలోగా పాస్‌పోర్టు పంపమన్నారు. పంపకపోతే ఫైలు మూసేస్తారు. కొత్త పాస్‌పోర్టు కావాలంటే రెండు నెలలు. ఫైలు మూశాక, తల్లిదండ్రుల్ని రప్పించుకునేవాళ్ళ కోసం ప్రభుత్వం తీసే లాటరీ డ్రాలో మళ్ళీ పేరు వేసుకోవాలి. ఆ పేరు ఎప్పటికి తగులుతుందో దేవుడికే తెలియాలి.

"నీకు ఎన్నోసారికి తగిలింది?"

"మొదటిసారికే."

ఫెలిసాకు ఒళ్ళు మండింది. తను ఆరేళ్ళు వరుసగా పేరు వేసింది. ఏడో ఏట పిలుపు వచ్చింది. అప్పటికి అమ్మను సమాధి చేసి ఎనిమిది రోజులు. అసూయంటే అసూయే, దానికి ముసుగెందుకు అనుకుంది. నోట్‌బుక్ తీసింది.

ఇంట్లో ఉన్నది నలుగురు. తల్లి. మారివిక్. ఆమె భర్త రోడెల్, బేకరీలో పని. ఇక అక్కగారు లూనింగ్‌నింగ్, వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళను కనిపెట్టుకునే ఉద్యోగం. చెల్లెలు ఫోను చేయగానే ఆమె ఫెలిసా కంటే ముందే వచ్చి కూర్చుంది.

"ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"నిన్న రెండుంబావుకు. అక్కకు చూపించి డబ్బాలో పెట్టాను. మూడింటికి డ్యూటీకి వెళ్ళాను."

"తరువాత?"

"నేను, అమ్మ ఉన్నాం," అంది లూనింగ్‌నింగ్. "అమ్మ గంటసేపు పడుకుంది. నాలుగున్నరకు నేను వెళ్ళిపోయాను."

"రోడెల్, నువ్వు?"

"ఆరున్నరకు వచ్చాను."

అంతకుమించి పెదవి విప్పలేదు. మారివిక్ మొగుడి వంక చూడనైనా చూడలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య రెండు రోజులుగా మాటల్లేవని ఫెలిసాకు ఇట్టే అర్థమైంది.

మారివిక్‌ను పక్కకు తీసుకెళ్ళి అడిగితే కారణం బయటపడింది. వాళ్ళ ఆదాయానికి ఒక తల్లినే స్పాన్సర్ చెయ్యనిస్తారు. ఈ తల్లి వస్తే ఇలోయిలోలో ఉన్న రోడెల్ తల్లికి ఇప్పట్లో దారి లేదు. ఆ ఉక్రోషం కొద్దీ మొగుడే దాచాడని మారివిక్ గట్టిగా నమ్ముతోంది.

పన్నెండూ పది. ఇల్లంతా వెతికారు. దొరకలేదు.

హాలు మధ్యలో నడుం ఎత్తు అట్టపెట్టె ఉంది. రోడెల్ తన తల్లికి పంపుతున్న బాక్సు. నాలుగు నెలలుగా నింపుతున్నాడు. ఒంటిగంటకు వాన్ వచ్చి పట్టుకుపోతుంది. ఓడ మీద వెళ్ళి చేరడానికి రెండు నెలలు.

ఫెలిసా దాన్ని మోకాలితో తోసింది. పక్కన బొటనవేలితో నొక్కింది. అట్ట లోపలికి పోయింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ పోయింది.

"దీనికి టేపు వేసిందెవరు?"

"ఆయనే," అంది మారివిక్.

"నేను కాదు. తనే," అన్నాడు రోడెల్, అదే క్షణంలో.

ఇద్దరూ మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రోడెల్ అప్పుడు నోరు తెరిచాడు. నిన్న వచ్చేసరికే బాక్సు మూసి ఉందట. తన తల్లి బాక్సు కళ్ళెదుట ఉండడం ఇష్టం లేక పెళ్ళామే మూసేసిందనుకున్నాడట. అడిగితే గొడవని మింగి ఊరుకున్నాడట. పైన పెట్టాల్సిన ఆరు సబ్బులు, రెండు తువ్వాళ్ళు ఇంకా షెల్ఫులోనే ఉన్నాయని చూపించాడు.

ఫెలిసా కత్తెర తీసుకుంది. టేపు చివర చూసి ఒక్క క్షణం ఆగింది. తరువాత కోసింది.

కాఫీ సీసాల కింద, ఒక ఊలు మేజోడులో, పాస్‌పోర్టు దొరికింది.

"నీ తల్లి బాక్సులోనా?" అంది మారివిక్. "అమ్మ ఏం చేసిందయ్యా నీకు?"

"నేను అనుకుంటూనే ఉన్నాను," అంది లూనింగ్‌నింగ్.

"కూర్చోండి," అంది ఫెలిసా. పాత స్టేషన్ గొంతు అది. అందరూ కూర్చున్నారు.

"బాక్సు ఎంత బరువున్నా తీసుకునేది ఒకటే రేటు. అందుకని మనవాళ్ళు గాలి పంపరు. మూలల్లో సబ్బు కుక్కుతారు, బూట్లలో చాక్లెట్లు కుక్కుతారు. కన్నతల్లికి నాలుగు నెలలు నింపినవాడు ఇంత ఖాళీ వదిలి టేపు వేస్తాడా? ఇది మూసిన చేతికి ఆ తల్లి తల్లి కాదు. పైగా తొందరలో ఉంది."

"మరి నేనా?" అంది మారివిక్.

"నీ ఫైలు నువ్వే ఎందుకు తగలబెట్టుకుంటావు?"

ఫెలిసా కోసిన టేపు ముక్కను ఎత్తి పట్టుకుంది. చివర అరంగుళం లోపలికి మడిచి ఉంది.

"గోళ్ళు అరిగిపోయిన ముసలివాళ్ళకు టేపు కొస దొరకదు. పట్టుకు లాగడానికి వీలుగా ఇలా మడిచి పెడతారు. మాకు మాల్‌లో ఈ అలవాటు లేదు. బేకరీలోనూ ఉండదు. వృద్ధాశ్రమంలో పద్దెనిమిదేళ్ళు చేసిన చేతికి చెప్పకుండానే వచ్చేస్తుంది."

లూనింగ్‌నింగ్ తన చేతుల్ని ఒళ్ళో దాచుకుంది. ఆ తరువాత ఏడవకుండా, దాచకుండా చెప్పింది. ఇరవై మూడో ఏట ఒంటరిగా వచ్చింది. పరాయివాళ్ళ పిల్లల్ని పెంచింది. చెల్లెల్ని చదివించింది, ఇక్కడికి రప్పించింది. అమ్మ కోసం ఏడేళ్ళు పేరు వేసింది. ఒక్కసారీ తగల్లేదు.

"అది సరదాగా ఒక్కసారి వేసింది, తగిలింది. నిన్న పాస్‌పోర్టు నా చేతికిచ్చి, 'మా ఇంట్లో అమ్మ గదికి ఏ రంగు వేయమంటావక్కా' అంది. మా ఇంట్లో అమ్మ గది. ఆ మాటకు నాకు కళ్ళు మూసుకుపోయాయి."

"రోడెల్ మీదికి వస్తుందని తెలియదా?"

"తెలుసు," అంది. అప్పుడు ఏడ్చింది.

రోడెల్ తల దించుకున్నాడు. మారివిక్ లేచి అక్క ముందు నిలబడింది. అంతవరకూ నోరెత్తని పాసిటమ్మ లేచింది.

"పెద్దది ఏడేళ్ళు వేసింది, తగల్లేదు. చిన్నది వేసింది, తగిలింది. నేనేమన్నా లాటరీలో వచ్చిన రైస్ కుక్కరునా?" అంది. "సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. ఎవరింట్లో ఉంటావని ఒక్కతీ అడగలేదు."

పాస్‌పోర్టు తీసి మారివిక్ చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు. రేపు పంపు. నేను మాత్రం ఈ దొంగ దగ్గరుంటాను. దీన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి లేక ఇలా అయింది. లేవే, నా కోటు తీసుకురా."

ఒంటిగంటకు వాన్ వచ్చింది. అంతకుముందే లూనింగ్‌నింగ్ సబ్బులూ తువ్వాళ్ళూ ఖాళీలో కుక్కింది. మరిదికి క్షమాపణ చెప్పింది. రోడెల్ బాక్సు పక్కన బొటనవేలితో నొక్కి చూశాడు. అట్ట కదల్లేదు. టేపు తనే వేశాడు.

తల్లీ పెద్ద కూతురూ మంచులో చెయ్యీ చెయ్యీ పట్టుకుని కారు దాకా నడిచారు. కిటికీ దగ్గర మారివిక్ పాస్‌పోర్టు పట్టుకుని వాళ్ళనే చూస్తూ నిలబడింది. ఆ చూపు ఎక్కడిదో ఫెలిసాకు బాగా తెలుసు. పొద్దుటి దాకా అక్క కళ్ళల్లో ఉన్నదే.

"రేపు పంపితే గురువారానికి చేరుతుందా మేడమ్?"

"చేరుతుంది."

"అమ్మ మళ్ళీ ఇక్కడికి వస్తుందంటారా?"

ఫెలిసా వంగి బూట్లు తొడుక్కుంది.

"ఫోను చేసి అడుగు," అంది. "నీకు అడగడానికి మనిషి ఉంది."